తిప్పమ్మను చూసి వచ్చాను

సికింద్రాబాదు,
3 ఫిబ్రవరి 2003.

చిన్నాయనకు రూతు వందనాలు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఏడాదిగా కాగితాలు పంపుతున్నా, 'కంప్యూటరు ముందు కూర్చుని మీరు చేసే సేవ ఏమిటో నాకు అంతుపట్టలేదు' అని పోయిన ఉత్తరంలో రాశావు. కోపంతో రాశావో, నిజంగానే అడిగావో తెలియలేదు. అడిగావనుకునే చెబుతున్నాను.

మా వెబ్‌సైటులో తెలుగు ప్రసంగాలు, పాటలు ఉంటాయి. వాటి కింద ఒక గడి ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్ళు తమ కష్టం అందులో రాస్తారు. రోజుకు ఇరవై, ముప్పై వస్తాయి, ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచి. జవాబులు రాసేది నేనూ, ఇంకో ఇద్దరూ. సాయంత్రానికి కళ్ళు మండిపోతాయి. రాసినవాళ్ళ ఇల్లు మన అనంతపురం జిల్లాలో ఉంటే ఆ కాగితం నీకు పంపుతాను. నేను మాటలు మాత్రమే పంపగలను. వాళ్ళ ఇంటికి వెళ్ళి పక్కన కూర్చోగలిగేది నువ్వే.

ఈసారి రాసింది వెంకటరాముడు అనే అతను. కువైట్‌లో, ఊళ్ళకు దూరంగా ఎడారిలో గొర్రెలు మేపుతాడు. నెలలో ఆఖరి శుక్రవారం మాత్రం యజమాని బండిలో పట్నానికి తీసుకొస్తాడట. అక్కడ కిరాణా కొట్లో పనిచేసే కడప అతను ప్రతాప్, మన విశ్వాసి, ఇతను చెబుతుంటే టైపు చేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన తెలుగును నేను తిరగరాస్తున్నాను.

"అయ్యా, నేను మీ దేవున్ని మొక్కేవాన్ని కాదు. మాయమ్మ పేరు తిప్పమ్మ. తనకల్లు దగ్గర గుట్టకిందపల్లె. ఏడు నెల్లాయ, ఇంటికాడ్నుంచి కబురు ల్యా. నేను రాపిచ్చిన జాబులు యాడ పోతాండాయో తెలీదు. మాయమ్మ కలలో రెండు తూర్లు కనిపించింది, మాట్లాడల్యా. ఎవురన్నా పోయి ఆయమ్మ ఎట్లుండాదో చూసి చెప్తే సాలు."

త్వరగా వెళ్ళగలవా?

నీ కూతురులాంటి
రూతు


తనకల్లు,
19 ఫిబ్రవరి 2003.

ప్రభువునందు ప్రియమైన కుమార్తె రూతుకు, యేసన్న చిన్నాయన శుభమని తలచి రాయునది.

కాగితం అందింది. వెళ్తాను. నా దగ్గర అంతకుముందే నాలుగు కాగితాలు ఉన్నాయి. రెండిళ్ళు చూశాను, రెండు మిగిలాయి.

ఇక్కడి సంగతి నీకు తెలియంది కాదు. శనక్కాయ పంట ఈ ఏడు కూడా చేతికి రాలేదు. ఆదివారం ఆరాధనకు పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి బెంగళూరు కూలికి పోయారు. చర్చి ఆవరణలోని బోరు ఎండిపోయింది. ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తుంది. మీ చిన్నమ్మ నల్లమ్మ పొద్దున్నే బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కనే కూర్చుంటుంది.

మీ నాయన పెద్దన్న, నేను ఇరవై రెండేళ్ళు రెండు సైకిళ్ళ మీద తిరిగాం. నాకు కాళ్ళు ఆడనప్పుడు ఆయన ముందుకు పోయి నిలబడి నాకోసం చూసేవాడు. ఆయన కోపంలో ఉన్నప్పుడు నేను మాట్లాడేవాణ్ణి. ప్రభువు శిష్యులను జతలుగా ఎందుకు పంపాడో ఆయన పోయిన ఈ నాలుగేళ్ళలో నాకు బాగా తెలిసింది. ఇప్పుడు ఆగితే ఎందుకాగావని అడిగేవాళ్ళు లేరు.

గుట్టకిందపల్లె పదకొండు మైళ్ళు. చివరి మూడు మైళ్ళు ఎక్కుడు. వచ్చే వారం పోతాను.

యేసన్న


సికింద్రాబాదు,
4 మార్చి 2003.

చిన్నాయనా,

పోతానని రాశాక నీ దగ్గర నుంచి ఇంకా కబురు లేదు. శుక్రవారం వెంకటరాముడు మళ్ళీ రాయించాడు. ఒకటే వాక్యం: "ఎవురన్నా పోయినారా?" బండి దిగి, నీళ్ళు కూడా తాగకుండా మొదట ఆ మాటే అడిగాడని ప్రతాప్ రాశాడు. ఏమీ లేదని చెప్పగానే కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడట.

ఈ నెల ఎన్ని ఇళ్ళు దర్శించామని మా సంస్థ డైరెక్టరుగారు అడుగుతున్నారు. నీకు ఆ లెక్కలు నచ్చవని తెలుసు. లెక్క కోసం కాకపోయినా వెళ్ళు. ఈ నెల ఆఖరి శుక్రవారం 28వ తేదీ. అప్పటికి అతనికి ఏదో ఒకటి చెప్పాలి.

రూతు


తనకల్లు,
21 మార్చి 2003.

ప్రభువునందు ప్రియమైన రూతుకు శుభములు.

దేవుని కృపవలన గుట్టకిందపల్లెకు వెళ్ళి తిప్పమ్మను చూసి వచ్చాను. ఆమె బాగుంది. ఇంటివారితో మాట్లాడి ప్రార్థన చేశాను. సంతోషించారు. ఈ సంగతి వెంకటరాముడికి తెలియజేయగలవు. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

యేసన్న


సికింద్రాబాదు,
28 ఏప్రిల్ 2003.

చిన్నాయనా,

ఈ ఉత్తరం నీకు సంతోషం కలిగిస్తుంది. నీ మాట వెంకటరాముడికి అందించాను. అది చదివి వినిపించగానే అతను ప్రతాప్ చేతులు రెండూ పట్టుకున్నాడట. పోయిన శుక్రవారం మళ్ళీ రాయించాడు. ఒప్పందం మేలో అయిపోతుందట. తల్లి కోసం ఎలాగైనా వచ్చేయాలనుకున్నాడు. ఆమె బాగుందని తెలిశాక మనసు నిలబడి, ఇంకో రెండేళ్ళకు వేలిముద్ర వేశాడు. 'మాయమ్మ ఉంటుంది, నాకేం భయం' అన్నాడు.

ఒక కోరిక కోరాడు. ఆమె చేత నాలుగు మాటలు క్యాసెట్టులో చెప్పించి పంపమన్నాడు. కువైట్ వెళ్ళేవాళ్ళ చేతికిస్తే ప్రతాప్‌కు చేరుతుంది. ఇక్కడి నుంచి ఖాళీ క్యాసెట్టు పంపుతున్నాను. టేపురికార్డరు మీ సంఘంలో ఎవరి దగ్గరైనా దొరుకుతుందిగా.

డైరెక్టరుగారు ఈ సంగతి మా ప్రార్థన పత్రికలో వేశారు. ఎడారిలో ఒకరు, ఎండిన పల్లెలో ఒకరు, మధ్యలో మనం అని రాశారు. నీ పేరు కూడా ఉంది. చదువుతుంటే నాయన గుర్తొచ్చాడు.

రూతు


తనకల్లు,
12 మే 2003.

రూతూ,

దేవుని పేరు పైన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి చేయి రాలేదు.

నేను తిప్పమ్మను చూడలేదు. నేను పోయేసరికే ఆమె చనిపోయింది.

నీ మొదటి కాగితం వచ్చినప్పుడు దాన్ని బైబిల్లో పెట్టాను. వెళ్ళకపోవడానికి పెద్ద కారణం ఏదీ లేదు. జ్వరం రాలేదు, వాన పడలేదు. ఒకరోజు సైకిలుకు గాలి కొట్టి బయటికి తీశాను. ఎండ చూసి మళ్ళీ గోడకు ఆనించాను. రేపు అనుకున్నాను. నీ రెండో ఉత్తరం వచ్చాక కూడా అలాగే పది రోజులకు పైగా గడిపాను. మార్చి 19న వెళ్ళాను.

ఆ రోజు ఆ ఇంట్లో పదకొండో దినం. పెద్దకొడుకు జయరాముడు గుండు చేయించుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పి, తమ్ముడు నీ తల్లిని చూసి రమ్మన్నాడని చెప్పాను. అతను లేచి నా చేతులు పట్టుకున్నాడు.

"మా తమ్మునికి ఎట్ల తెలుపల్లో తెలీక కొట్టుకుంటాండాం అన్నా" అన్నాడు. "జాబు రాస్తే ఎనిక్కొచ్చె. ఫోను ల్యా. నువ్వు తెలుపు. ఆ కంప్యూటరోల్లు నీకు తెలుసంటివి గదా."

తెలుపుతానని మాట ఇచ్చాను. ఎన్నాళ్ళు పడకేసిందని అడిగాను. శివరాత్రి నుంచి అన్నాడు. అంతకు ముందు రోజు వరకు మేకలు తోలుకుని గుట్టకు పోయిందట. అంటే నీ కాగితం వచ్చిన వారంలో నేను పోయివుంటే ఆమె దారిలోనే కనిపించేది. కొడుకు కబురు చెప్పివుంటే వినేది.

వాళ్ళు విస్తరి వేశారు. వద్దనలేకపోయాను. కూర్చుని తిన్నాను.

ఇంటికొచ్చి నీకు రాయడానికి కూర్చున్నాను. చనిపోయిందని రాస్తే ఎప్పుడని అడుగుతావు. తేదీ రాస్తే నేనెన్నాళ్ళు ఆగానో నీకు తెలిసిపోతుంది. 'చూసి వచ్చాను, బాగుంది' అని రాశాను. ఆ వాక్యం నాకు కొత్తది కాదు. అంతకుముందు కూడా రెండుసార్లు ఊరిదాకా పోకుండా, సంతలో ఆ ఊరివాళ్ళను అడిగి, చూసి వచ్చానని నీకు రాశాను. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు అతను రెండేళ్ళకు వేలిముద్ర వేశాడని రాశావు. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. క్యాసెట్టు బల్ల మీద ఉంది. మీ చిన్నమ్మ 'అదేంది' అని అడిగింది. ఆమెకు కూడా ఈ రోజే చెప్పాను.

యేసన్న


సికింద్రాబాదు,
18 మే 2003.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్న రాసివుంటే మాటలు మీరేదాన్ని. అందుకే ఆగాను.

'మీ అమ్మగారు బాగున్నారు, మా సేవకుడు స్వయంగా చూసి వచ్చారు' అని టైపు చేసింది నా చేతులు. ఆ మాట నమ్మి ఒక మనిషి ఇంకో రెండేళ్ళకు అక్కడ ఉండిపోయాడు. నువ్వు అలసిపోయానని ఒక్క ముక్క రాసివుంటే ఇంకెవరినైనా పంపేదాన్ని. నాయన పక్కన తిరిగినవాడివి, నువ్వు ఇలా చేస్తావని నేను అనుకోలేదు.

ఇంతవరకు రాసి ఆపాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. ఏడాదిలో ఇరవై ఆరు ఇళ్ళు. మొదట్లో ఆ ఇంట్లో ఎవరున్నారు, ఏం తిన్నారు, పిల్ల ఏ తరగతి, అన్నీ రాసేవాడివి. చివరి పన్నెండింటికీ ఒకటే వాక్యం. చిన్నాయనా, అది నాకు ఈరోజు తెలిసింది కాదు. దసరా నాటికే గమనించాను. అడగలేదు. అడిగితే నువ్వు మానేస్తావేమోనని, మానేస్తే అనంతపురం జిల్లాకు నాకు ఎవరూ ఉండరని. నెలాఖరుకు నీ వాక్యం ఉంటే నా పని అయిపోయేది. నీ మోకాలు ఎలా ఉందని ఉత్తరాల్లో అడిగాను గాని, ఎన్ని మైళ్ళు తొక్కుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. నేను రెండేళ్ళుగా ఊరికి రాలేదు. పత్రికలో నిన్ను మా భాగస్వామి అని రాశాం. కాగితాలు పంపడం తప్ప నీ భాగంలో నేనేమీ పంచుకోలేదు.

అయినా ఇప్పుడు జరగాల్సింది జరగాలి. ఆఖరి శుక్రవారం 30వ తేదీ. ఇది నేను టైపు చేయను. నువ్వే చెప్పాలి. కదిరిలో ఇంటర్‌నెట్ కొట్లు ఉన్నాయి. చిరునామా వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను, అది చూపిస్తే చాలు. తేదీతో సహా చెప్పు.

రూతు


తనకల్లు,
24 మే 2003.

రూతూ,

నిన్న కదిరికి పోయి వచ్చాను. బస్టాండు వెనుక వీధిలో ఆ కొట్టు ఉంది. నడిపేది సరళ అని ముప్పై ఏళ్ళ అమ్మాయి. నాకు టైపు రాదంటే తనే కొడతానంది. నేను చెబుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

'నేను యేసన్నను. మీ అమ్మ చనిపోయింది' అనగానే ఆపేసి నా వైపు తిరిగింది.

"సీరియస్‌గా ఉండాదని కొట్టేదా పెద్దాయనా? దూరంగా ఉండేవాల్లకు అందరూ ముందు అట్లే చెప్తారు."

"వద్దమ్మా. ముందే ఒగ అబద్ధం చెప్పినా. చనిపోయిందనే కొట్టు" అన్నాను.

ఆమె మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. నేను చెప్పినది ఇదీ. 'మీ అమ్మ మార్చి 9న, ఆదివారం పొద్దున చనిపోయింది. మీ అన్న అన్నీ సక్రమంగా చేసి, గుట్ట వైపున్న మీ చేలో మట్టి చేశాడు. నీ కాగితం నాకు ఫిబ్రవరిలోనే అందింది. బద్ధకంతో, అలసటతో పోలేదు. పోయివుంటే ఆమెను చూసేవాణ్ణి. తర్వాత బాగుందని అబద్ధం రాశాను. రూతుకు ఆ సంగతి తెలియదు. తప్పు నాది. నువ్వు వేలిముద్ర వేసింది నా అబద్ధం మీద. దాన్ని ఎలా తీర్చాలో నాకు తెలియదు.'

'నా కోసం ప్రార్థన చేయి' అని అలవాటుగా నోటిదాకా వచ్చింది. అతణ్ణి అది అడిగే హక్కు నాకు లేదనిపించి మానుకున్నాను.

అంతా అయ్యాక సరళ పైకి చదివి వినిపించింది. నా నోటి మాటలు ఇంకొకరి నోట వినడం కష్టమైంది. పంపమన్నాను. అంత దూరం పోయే మాట అంత నిశ్శబ్దంగా పోతుందని నాకు తెలియదు.

అప్పటి రెండూ, తర్వాత వచ్చిన ఒకటీ, మిగిలిన మూడు కాగితాలు ఈ ఉత్తరంతో వెనక్కి పంపుతున్నాను. వేరే ఎవరినైనా చూసుకో. నాకు యాభై ఎనిమిది. ఇంక చేతకాదు.

యేసన్న


సికింద్రాబాదు,
2 జూన్ 2003.

చిన్నాయనా,

జవాబు రాలేదు. ప్రతాప్ మాత్రం రాశాడు. వెంకటరాముడు మొత్తం రెండుసార్లు చదివించుకుని, లేచి వెళ్ళి ఎండలో నిలిపిన బండిలో కూర్చున్నాడట. యజమాని వచ్చేదాకా అందులోంచి దిగలేదట.

నీ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. వేరేవాళ్ళకు ఇవ్వలేదు.

రూతు


సికింద్రాబాదు,
30 జూన్ 2003.

చిన్నాయనకు,

అతని జవాబు వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఏసన్నా, నిన్ను తిట్టల్లని రెండు తూర్లు మొదులుపెడితి. ప్రతాపు టైపు కొట్టనన్యాడు. నీ మాట నమ్మి నేను ఈడ చిక్కుకుంటి. చెప్పుకునేకి ఎవురూ ల్యాక గొర్రెలకాడ ఏడిస్తి. నిన్ను ఇడ్సిపెడితే మా ఊరి కబురు అడిగేకి నాకు ఎవురుండారు? ఒగటి చెప్పు. పోయేటప్పుడు మాయమ్మ నన్ను అడిగిందా? ఈ తూరి పోయి చెప్పు."

డైరెక్టరుగారికి సంగతంతా చెప్పాను. పత్రికలో వచ్చింది వచ్చిందిగా, ఇప్పుడెందుకు కదిలించడం అన్నారు. నేను ఒప్పుకోలేదు. తప్పు మన ఇద్దరిదీ అని రాసి, వచ్చే సంచికలో వేయమని ఇచ్చాను. వేస్తారో లేదో తెలియదు. ఇళ్ళ లెక్క నెలనెలా పంపే పని మాత్రం మానేశాను. దానికి ఏమంటారో చూడాలి.

నీ మూడు కాగితాలు తిరిగి పంపుతున్నాను. ఎన్నాళ్ళైనా పట్టనీ. వెళ్ళలేకపోతే వెళ్ళలేదని రాయి, అదే అవతలివాళ్ళకు చెబుతాను. ఒంటరిగా మాత్రం వెళ్ళకు. ఆగస్టులో వారం సెలవు పెట్టాను. వచ్చి నీతో తిరుగుతాను. అంతవరకు నీతో ఎవరు వస్తారో చూడు.

రూతు


తనకల్లు,
9 జూలై 2003.

రూతమ్మా,

నీ ఉత్తరం శనివారం అందింది. ఎవరిని తోడు పిలవాలా అని చూస్తుంటే మీ చిన్నమ్మ చెప్పులు వేసుకుని గడపలో నిలబడింది. ఇరవై ఆరేళ్ళుగా నాకు రొట్టెలు కట్టి పంపింది తప్ప, వస్తావా అని నేను అడగలేదు, వస్తానని ఆమె అనలేదు. సోమవారం గుట్టకిందపల్లె క్రాసురోడ్డు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి మూడు మైళ్ళు నడిచాం. ఆమెకూ కాళ్ళ నొప్పులే. నాలుగుచోట్ల కూర్చున్నాం. వాన లేక విత్తే పదును ఇంకా కాలేదు, చేలన్నీ దున్ని అలాగే ఉన్నాయి.

జయరాముడికి మొదట నా తప్పు చెప్పాను. అతను "మా తమ్మునికి చెప్పినావు గదా, నాకు చెప్పకపోయినా జరిగేది" అని లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

మీ చిన్నమ్మ లోపల జయరాముడి భార్య హేమావతితో కూర్చుంది. నేను గడప బయట ఉన్నాను. మగవాణ్ణి, నేను అడిగితే అత్తగారి గురించి మంచి మాటలే చెప్పి పంపేవాళ్ళు. నల్లమ్మతో ఆమె శనక్కాయలు ఒలుస్తూ మాట్లాడింది. చివర్లో వెంకటరాముణ్ణి అడిగిందా అని మీ చిన్నమ్మ నెమ్మదిగా కదిలించింది.

"ల్యాదక్కా" అంది హేమావతి. "ఆఖరి మూడు దినాలు మాటే ల్యా. అంతకు ముందు మేకల్నే అడిగె, నీల్లు తాపినారా అని. ఆయప్ప పేరు ఎత్తల్యా. పోయినేడంతా అడుగుతానే ఉండె, జాబు వచ్చెనా, జాబు వచ్చెనా అని. అడిగి అడిగి, సంక్రాంతి దాటినంక సాలిచ్చె."

తిరిగి వస్తూ సమాధి దగ్గర ఆగాం. రాళ్ళు పేర్చి ఉన్నాయి, తుమ్మముళ్ళ కంచె వేశారు. కుక్కలు తవ్వకుండా జయరాముడు వేశాడట. అది కూడా అతనికి రాయి.

దారిలో నాకు ఒక ఆలోచన వచ్చింది, నీ దగ్గర దాచను. 'చివరి దాకా నీ పేరే తలచుకుంది' అని రాస్తే ఎవరికీ నష్టం లేదు, ఆ ఎడారిలో అతనికి రెండేళ్ళూ అదే ఆధారమవుతుంది కదా అని మీ చిన్నమ్మతో అన్నాను. ఆమె నడక ఆపి నా వైపు చూసింది.

"ఏడాది అడిగినేది రాయి" అంది. "మానుకునింది గూడా రాయి. ఆయప్ప నిన్ను పొయ్యి చూసి రమ్మన్యాడు గానీ, పొయ్యి మంచి మాట తెమ్మన్లేదు."

అందుకని రెండూ రాస్తున్నాను. ఏడాది పాటు అతని జాబు కోసం అడిగింది. తర్వాత అడగడం మానేసింది. చివరి మూడు రోజులు మాట లేదు. హేమావతి చెప్పింది ఇంతే, మేం విన్నది ఇంతే. 25వ తేదీ శుక్రవారం. ఇందులో ఏదీ తీసేయకుండా పంపు.

యేసన్న
నల్లమ్మ